స్లాబు మొత్తం మళ్ళీ పూత వేయించొద్దు అన్నా

అన్నా, పిట్టగోడ కింద చెమ్మ దిగుతోందని మేస్త్రి స్లాబంతా మళ్ళీ పూత వేయమంటున్నాడని రాశారు కదా, తొందరపడొద్దు. ముందు నీళ్ళు పోయే పైపు మూతి మూసి, చుట్టూ మట్టి గట్టు కట్టి 2 అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టి చూడండి. ఎక్కువసార్లు లోపం పిట్టగోడ, స్లాబు కలిసే మూలలోనో, ఆ పైపు మూతి చుట్టూనో ఉంటుంది. అక్కడ పగులును కాస్త చెక్కి, దుమ్ము కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటుతో మూలను గుండ్రంగా నింపించండి. ఆరాక వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేయించండి. గోడ మీదికి కూడా జానెడు ఎక్కాలి.

నేను ముందు లోపల రంగు వేయించి, నవంబరు వానలకు బుడగలు లెక్కపెట్టుకున్నా! మన తిరుపతికి ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి, ఆలోపే పని ముగించండి. లోపలి రంగు సంక్రాంతి తర్వాతే.