మోడలింగ్ రంగాన్ని మారుస్తున్న ధోరణులు ఏమిటి? హైదరాబాద్‌లో కొత్తగా వచ్చేవారు ఏం గమనించాలి?

అన్నిటికంటే పెద్ద మార్పు కృత్రిమ మేధతో వచ్చింది. 2025లో అమెరికా వోగ్ పత్రికలో వచ్చిన గెస్ అనే దుస్తుల సంస్థ ప్రకటనలోని యువతి అసలు మనిషే కాదు, కంప్యూటర్ సృష్టించిన రూపం. అదే ఏడాది హెచ్ అండ్ ఎం అనే మరో దుస్తుల సంస్థ నిజమైన మోడళ్ల డిజిటల్ ప్రతిరూపాలను వారి అనుమతితోనే వాడడం మొదలుపెట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ఇలాంటి ప్రతిరూపాలకు మోడల్ రాతపూర్వక అనుమతిని తప్పనిసరి చేసింది. ఇక్కడివారు కూడా సంతకం పెట్టేముందు తమ ఫొటోలను ఎక్కడ, ఎంతకాలం, ఎంత పారితోషికానికి వాడుకుంటారో ఒప్పందంలో రాయించుకోవాలని గట్టిగా చెబుతాను.

హైదరాబాద్‌లో ర్యాంప్‌తో పాటు చీరల, నగల దుకాణాల ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ కూడా ముఖ్యమైన పనే. పోచంపల్లి ఇక్కత్ కొంగును రెండువైపులా తిప్పి, నేత స్పష్టంగా కనిపించేలా చూపగల నేర్పు అక్కడ ఎత్తుకన్నా ఎక్కువగా అక్కరకొస్తుంది.