హెచ్చరిక విన్నారు, కానీ ఇల్లు కదల్లేదు

ప్రశ్న: మేం కొందరం కుర్రాళ్లం, అమ్మాయిలం కలిసి మా ఊళ్లో వరదలు, తుపాన్ల మీద అవగాహన సదస్సు పెట్టాం. ప్రొజెక్టర్ తెచ్చాం, కరపత్రాలు పంచాం. వచ్చిందే కొద్దిమంది, వాళ్లూ సగంలోనే లేచి వెళ్లిపోయారు. మళ్లీ ఎలా మొదలుపెట్టమంటారు?

జవాబు: మళ్లీ సదస్సు మాత్రం పెట్టకండి. వరదొస్తే ప్రమాదమని తెలియని మనిషి ఏ ఊళ్లోనూ ఉండడు, దాన్ని తెర మీద చూపించక్కర్లేదు. జనానికి తెలియంది వేరే ఉంది. అర్ధరాత్రి కరెంటు పోయి, వాన దంచికొడుతుంటే మనింట్లోంచి ఎటు వెళ్లాలి, అక్కడికి ఎంతసేపు పడుతుంది, మంచం దిగలేని పెద్దావిడను ఎవరు ఎత్తుకుంటారు, పశువుల కట్లు ఎవరు విప్పుతారు? ఇవన్నీ వాళ్లంతట వాళ్లే కూర్చుని తేల్చుకోవాలి, మీరు చెబితే రావు.

అందుకని ఒక సాయంత్రం నలుగురూ కూడే చోట నేల మీద సుద్దముక్కతో ఊరి పటం గీయించండి. మీరు గీయకండి, సుద్దముక్క వాళ్ల చేతికివ్వండి. పోయిన వరదకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఒకరు గీత గీస్తే, ఇంకొకరు కాదు, ఆ మలుపు దాకా వచ్చాయి అంటారు. ఆ వాదన జరగనివ్వండి, అసలు చదువు అదే. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఇంకో పటం గీయించండి, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉంది, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి చూపు ఆనదు అన్నది చాలావరకు ఆ పటంలోనే బయటపడుతుంది. అలాంటి ప్రతి ఇంటికీ ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవాళ్లు ఉండాలి కదా.

తర్వాత ఆ దారిన నడవాలి, అదీ చీకటి పడ్డాక. నేను చూసిన ఇలాంటి ఒక డ్రిల్‌లో, అంటే ముందస్తు సాధనలో, పెద్దాయన్ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్తుంటే సందు చివర గేటు దగ్గర కుర్చీ పట్టలేదు. పక్కకు తిప్పి, పైకెత్తి ఎలా చూసినా కుదరలేదు, ఆఖరికి దుప్పట్లో పడుకోబెట్టి మోశారు. ఈ సంగతి ఏ కరపత్రంలో ఉంటుంది చెప్పండి? అలాగే షెల్టర్‌గా వాడే భవనం తాళం ఎవరి దగ్గరుందో, ఆ మనిషి రాత్రిపూట ఊళ్లో ఉంటాడో లేదో అడగండి. ఒకే తాళంచెవి ఉంటే ఇంకో రెండు చేయించండి.

దారిలో నీళ్లు దాటాల్సిన చోటు ఉంటే ఆ దారి వదిలేయండి. వడిగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా పెద్దమనిషి కాళ్లు తేలిపోవచ్చు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును లాక్కుపోగలవు. చీలమండ దాటిన ప్రవాహంలో అడుగు పెట్టొద్దని ఊరంతా ఒక మాట అనుకోండి.

ప్రశ్న: పోయినసారి హెచ్చరిక వస్తే అందరం ఇళ్లు వదిలి వెళ్లాం, తీరా ఏమీ కాలేదు. ఇప్పుడు ఎవరిని కదిలించినా “ఇలాంటివి ఎన్ని చూశాం” అంటున్నారు. పెద్దవాళ్లయితే అసలు వినడం లేదు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ముందు వాళ్లు ఎందుకు రానంటున్నారో అడిగి తెలుసుకోండి. మొండితనం అనుకుంటాం గానీ చాలాసార్లు దాని వెనక గట్టి కారణాలే ఉంటాయి. బంగ్లాదేశ్ చూడండి. 1970 నవంబరులో వచ్చిన భోలా తుపానులో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కలిసి పల్లెల్లో వాలంటీర్లను తయారుచేశాయి. వాళ్లు మెగాఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, ప్రమాదం పెరిగేకొద్దీ ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేస్తారు. అయినా 1991 తుపానులో దాదాపు 1 లక్షా 40 వేల మంది పోయారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు ఇంటికొచ్చి చెప్పేదాకా కదలకూడదనుకున్నారు కొందరు, షెల్టర్లో మగవాళ్ల మధ్య ఉండలేమని, మరుగుదొడ్డి ఉండదని ఆగిపోయారు కొందరు. ఆ పాఠంతో ఆడవాళ్లను వాలంటీర్లుగా పెద్దయెత్తున తీసుకున్నారు, షెల్టర్లు పెంచారు, పశువుల కోసం ఎత్తైన మట్టిదిబ్బలు కట్టారు. 2007లో సిద్ర్ అనే చాలా తీవ్రమైన తుపాను వచ్చినా మరణాలు మూడున్నర వేల లోపే. అదీ చిన్న సంఖ్య కాదు, ఒక్కో ప్రాణమూ ప్రాణమే. కానీ తేడా ఎంతో చూడండి.

కాబట్టి మీ షెల్టర్లో ఆడవాళ్లకు వేరే గది, తలుపుకు లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి ఉన్నాయా? పశువులను ఎక్కడ కడతారు? వదిలేసిన ఇళ్లకు కాపలా ఎవరు? వీటికి జవాబు లేకుండా “లేవండి, పదండి” అంటే వాళ్లు రాకపోవడంలో తప్పేముంది?

ఇక “ఏమీ కాలేదు” అన్నదానికి జవాబు ముందే చెప్పి ఉంచాలి. తుపాను దారి మార్చుకుంటుంది, బలహీనపడుతుంది, ఏమీ జరగకుండానే వెనక్కి రావాల్సి రావచ్చు, అది రిహార్సల్ అనుకుందాం అని హెచ్చరిక రాకముందే మాట్లాడుకోండి. తిరిగొచ్చాక ఎవరెవరు ఎక్కడ ఇబ్బందిపడ్డారో కూర్చుని రాసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మన ఊరి మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికొస్తే కాసేపట్లో రెండో వైపు నుంచి అంతే జోరుగా కొడుతుంది. అధికారులు చెప్పేదాకా ఎవరూ బయటికి రాకూడదు.

పెద్దవాళ్లను మాత్రం వినేవాళ్లుగా చూడొద్దు, చెప్పేవాళ్లుగా కూర్చోబెట్టండి. ఇండోనేషియాలో సిమెలూయ్ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి ఎందరో పోయారు. ఆ కథను పెద్దలు పాటల్లో, పిల్లల్ని నిద్రపుచ్చే మాటల్లో చెబుతూ వచ్చారు, భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కేయాలని. 2004 డిసెంబరు 26న ఏ సైరనూ మోగలేదు, అల నిమిషాల్లో వచ్చేసింది, కానీ జనం అప్పటికే కొండెక్కారు. సుమారు 78 వేల మందిలో చనిపోయింది ఏడుగురు. మీ ఊరి పెద్దల దగ్గర కూడా ఒక వరద కథ ఉంటుంది. నీళ్లు ముందు ఎటునుంచి వచ్చాయో, ఏ బాట ముందు మునిగిందో వాళ్లచేతే చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి.

ప్రశ్న: నేను పల్లెలో చిన్న తరగతులకు పాఠం చెబుతాను. విపత్తుల గురించి చెప్పాక ఒక పాప రాత్రి నిద్రపోలేదని వాళ్లమ్మ వచ్చి బాధపడింది. ఆపేయాలా?

జవాబు: ఆపకండి టీచర్‌గారూ, పద్ధతి మార్చండి. కొట్టుకుపోయిన ఇళ్ల ఫొటోలు, వీడియోలు చిన్నపిల్లలకు వద్దు. భయం ఒక్కటే చెప్పి వదిలేస్తే అది రాత్రంతా వాళ్లతోనే ఉంటుంది, అందుకే ప్రమాదం పేరు చెప్పిన వెంటనే చేయాల్సిన పని కూడా చెప్పండి, చేయించండి.

పిడుగుతో మొదలుపెట్టండి, పిల్లలకు అది లెక్కల ఆటలా ఉంటుంది. మెరుపు కనిపించగానే సెకనుకు ఒకటి చొప్పున అంకెలు లెక్కపెట్టించండి, శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 30 లోపు ఉరుము వినిపిస్తే మెరుపు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు, వెంటనే గట్టి కట్టడంలోకి వెళ్లాలి, చెట్టు కింద నిలబడకూడదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు లోపలే ఉండాలి. ఆ పైన భూకంపం వస్తే బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోవడం, తెగిపడిన కరెంటు తీగకు దూరంగా ఉండి పెద్దవాళ్లకు చెప్పడం, అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబరు నోటికి రావడం. ఇంతకు మించి ఈ ఏడాదికి అక్కర్లేదు.

ఇక ఆ పాప సంగతి. వచ్చే డ్రిల్‌లో పిల్లలంతా బయటికొచ్చాక తలలు లెక్కపెట్టే పని తనకే ఇవ్వండి, ఆ రోజు వాళ్లమ్మను కూడా బడికి రమ్మనండి.