అడవి పల్లెల్లో తిండి, ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెలంగాణ ఏజెన్సీ గూడేల వానాకాలం తిండి గురించే. పాత జొన్నలు అయిపోయి కొత్త పంట ఇంకా ఇంటికి చేరని నెలలివి. వాగులు పొంగితే అంగడికి కూడా దారి ఉండదు. పథకాలకు కొదవ లేదు, ఇంటి దాకా వచ్చేసరికి ఎక్కడో ఒక లంకె తెగుతోంది. అది ఎక్కడ తెగిందో పట్టుకుంటే ఎవరిని ఏమడగాలో తెలుస్తుంది. అందుకే జవాబులు కొంచెం వివరంగా రాస్తున్నాం.

ప్రశ్న: మాది తిర్యాణి మండలంలో కొలాం గూడ. ఇంట్లో ముగ్గురం, నెలకు 18 కిలోల బియ్యం వస్తాయి. పక్క గూడలో ఇద్దరే ఉన్న ఇంటికి 35 కిలోలు ఇస్తున్నారు. పైగా మా అవ్వ వేలిముద్ర పడటం లేదని డీలర్ వెనక్కి పంపుతున్నాడు.

పక్క గూడ వాళ్లది అంత్యోదయ కార్డు, అంటే అతి పేద కుటుంబాలకు ఇచ్చేది. దానికి మనుషుల లెక్క లేదు, కార్డుకు 35 కిలోలు ఇస్తారు. మీది మామూలు ఆహార భద్రత కార్డు కాబట్టి మనిషికి 6 కిలోలే వస్తాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉంటే ఈ తేడా చాలా పెద్దది. ఆరుగురున్న ఇంటికి మాత్రం రెండు కార్డులూ దాదాపు ఒకటే. కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి కుటుంబాలు అతి వెనుకబడిన ఆదిమ తెగల కింద వస్తాయి, అంత్యోదయ అర్హతల్లో ఆ తెగల కుటుంబాలన్నీ ఉన్నాయి. మీ కార్డు, ఆధార్, కుల ధ్రువపత్రం జతచేసి కార్డు మార్పు కోసం తహసీల్దార్‌కు దరఖాస్తు ఇవ్వండి. కుల పత్రంలో 'కొలాం' అని స్పష్టంగా ఉందో లేదో ముందే చూసుకోండి. పొరపాటున 'గోండు' అని పడి ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. అంత్యోదయ కార్డుల సంఖ్యకు రాష్ట్రానికి ఒక హద్దు ఉంది, అందుకే ఆలస్యం కావచ్చు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అదే దరఖాస్తు నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే రేపు అడగడానికి మీ చేతిలో ఆధారం ఉండదు.

ఇక అవ్వ సంగతి. కట్టెలు కొట్టి, తునికాకు తెంపి వేళ్ల గీతలు అరిగిపోయిన వాళ్లకు ముద్ర పడకపోవడం మామూలే. చెయ్యి సబ్బుతో కడిగి, తుడిచి, వేరే వేళ్లతో చూడమనండి. అదీ కాకపోతే కంటిపాపతో చూడమని అడగండి. కార్డులో పేరున్న ఇంకొకరు వెళ్లి వేలు పెట్టినా సరుకు మొత్తం ఇవ్వాలి. ఆధార్ సరిపోలలేదన్న ఒక్క కారణంతో అర్హులను ఖాళీ చేతులతో పంపొద్దని, ఇంకో గుర్తింపు చూసి రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలని 2017 అక్టోబర్‌లోనే కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. అయినా ఇవ్వకపోతే 1967కు ఫోన్ చేయండి. కాగితం మీద ఫిర్యాదైతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఇవ్వాలి. 2013 ఆహార భద్రత చట్టమే ఈ రెండింటినీ ఏర్పాటు చేసింది.

ఇంకొక మాట. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం ప్రతి గూడెంలో కనిపిస్తుంది. ఒక ఆధార్ రెండు కార్డుల్లో ఎక్కదు. ముందు అక్కడ తీయించి, తర్వాత ఇక్కడ మీసేవలో చేర్పించండి.

ప్రశ్న: నేను గాదిగూడ మండలంలో అంగన్వాడీ టీచర్‌ని. ఏడాదిన్నర పాపకు బాలామృతం (అంగన్వాడీలో చిన్నపిల్లలకు ఇచ్చే పోషకాహార పిండి) నెలనెలా ఇస్తున్నాం. బరువు కదలడం లేదు, చేతి చుట్టుకొలత చూసే పట్టీ పసుపు రంగులోనే ఉంది.

ముందు కొలత సరిగా ఉందో చూడండి. ఎడమ చెయ్యి, భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా నడిమిన, చెయ్యి వదులుగా వేలాడుతుండగా పట్టీ చర్మానికి ఆనాలి కానీ నొక్కకూడదు. 12.5 సెంటీమీటర్లు, అంతకు పైన ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 లోపు పసుపు, 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. తర్వాత రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండు కాళ్లలోనూ గుంట అట్లాగే ఉంటే పట్టీ ఏ రంగు చూపినా ఆ రోజే ఆస్పత్రికి పంపాలి. వాపు నీళ్ల వల్ల బిడ్డ బొద్దుగా కనబడి చాలామంది మోసపోతారు.

ఇక బాలామృతం. 2.5 కిలోల ప్యాకెట్ అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు. ఇంట్లో అయిదేళ్ల అన్న, మూడేళ్ల అక్క ఉంటే అది వారంలో అయిపోతుంది. తల్లిని తప్పుపట్టి లాభం లేదు, ఆకలితో చూస్తున్న పిల్లలకు ఏ తల్లి పెట్టకుండా ఉంటుంది? మూడేళ్లు నిండిన పిల్లలు రోజూ కేంద్రంలో అన్నం, గుడ్డు తినేలా చూస్తే చిన్నదాని ప్యాకెట్ చిన్నదానికి మిగులుతుంది. రెండో తప్పు పలుచగా కలపడం. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లతో, చెంచా వంచినా జారిపడనంత చిక్కగా కలపాలి. పలుచని జావతో పాప కడుపు నిండుతుంది, బలం మాత్రం చేరదు. ఒక పూట నూనె ఒక చెంచా కలపమనండి. 100 గ్రాములు ఒకేసారి ఎక్కదు, మూడు నాలుగు సార్లుగా పెట్టాలి. తల్లి పాలు మానిపించొద్దు.

పట్టీ ఎరుపుకు దిగినా, పాప తినడం మానేసినా, జ్వరమో విరేచనాలో తోడైనా ఏఎన్ఎంతో (ఊరి ఆరోగ్య కార్యకర్తతో) రాయించి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపండి. అక్కడ సుమారు రెండు వారాలు ఉంచుతారు. తల్లులు ఒప్పుకోనిది ఎక్కువగా ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరు చూస్తారనీ, కూలి పోతుందనీ. తల్లికి భోజనం, కూలి నష్టానికి కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉందని ముందే చెప్పండి. మిగతా పిల్లల సంగతి గూడెం పెద్ద అయిన పటేల్‌తో, చుట్టాలతో మాట్లాడి కుదిర్చితేనే ఆమె కదులుతుంది.

ప్రశ్న: ఏటూరునాగారం దగ్గర కోయ గూడెం మాది. కోడలికి అయిదో నెల. రక్తం (హిమోగ్లోబిన్) 8.2 ఉంది. గోలీలు పడటం లేదని మానేసింది.

గర్భిణికి 11 ఉండాలి. 7 కన్నా తగ్గితే ఆస్పత్రిలోనే వైద్యం. 8.2 అంటే మధ్య స్థాయి రక్తహీనత, సాధారణంగా రోజుకు రెండు ఐరన్ గోలీలు రాస్తారు. మలం నల్లగా రావడం గోలీ గుణమే, భయం వద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్న గంటకో, పడుకునే ముందో వేసుకోమనండి. చాయ్‌తో మాత్రం వద్దు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరి తోడైతే మంచిది. నెల తర్వాత మళ్లీ చూపించండి, కనీసం ఒక పాయింట్ పెరగకపోతే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడే సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు) పరీక్ష కూడా అడగండి. మన ఆదివాసీ కుటుంబాల్లో ఇది ఉంది. 2023 జూలై నుంచి దీని మీద కేంద్రం ప్రత్యేక కార్యక్రమం నడుస్తోంది, పరీక్షకు డబ్బులు కట్టక్కర్లేదు. జబ్బు ఉన్నవాళ్లకు ఐరన్ డాక్టరు చూసి చెప్తేనే ఇవ్వాలి. కోడలికి జబ్బు లేకున్నా దాన్ని పిల్లలకు అందించే లక్షణం (ట్రెయిట్) ఉందని తేలితే కొడుక్కూ పరీక్ష చేయించండి. ఇద్దరికీ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

అంగన్వాడీలో రోజూ పెట్టే అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఆమె అక్కడే కూర్చుని తినాలి. ఇంటికి తెస్తే అందరికీ పంచుతుంది, తనకు ఏమీ మిగలదు.

ప్రశ్న: మా గూడలో 30 ఇళ్లు. జూలై, ఆగస్టులో సేటు దగ్గర గింజలు నాగుకు (గింజలుగానే తీర్చే అప్పుకు) తెచ్చి, పంటకు ఒకటిన్నర రెట్లు కొలిచి ఇస్తున్నాం. మహిళా సంఘం తరఫున గింజల బ్యాంకు పెట్టాలనుకుంటున్నాం.

తప్పక పెట్టండి. ఆదివాసీ గ్రామాల కోసం 1990లలోనే కేంద్రం ధాన్యం బ్యాంకుల పథకం తెచ్చింది, కుటుంబానికి ఒక క్వింటాల్ అప్పు దాని లెక్క. చాలాచోట్ల అప్పు తిరిగి రాక మూతపడ్డాయి. కాబట్టి మీ అసలు పని వసూలు దగ్గరే.

కోత అయిపోగానే, ఇంకా అమ్మకముందే, ఇంటికి 20 కిలోల జొన్నలు వేసుకుంటే 6 క్వింటాళ్లు అవుతుంది. ఆ నెల దాటితే ఎవరి దగ్గరా మిగలవు. ఎండలో రెండు మూడు రోజులు పరదా మీద ఆరబెట్టండి. పంటి కింద 'టక్' మని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే. వేడి మీద సంచుల్లో పోయొద్దు, లోపల చెమట పట్టి బూజు వస్తుంది. రాత్రంతా చల్లారాక పొద్దున నింపండి. సంచులు చెక్కల మీద నేలకు జానెడు ఎత్తున, గోడకు మూరెడు దూరంలో పెట్టాలి. పిల్లి నడిచేంత సందు ఉంటే ఎలుక గూడు కట్టదు, పురుగు కూడా కంటికి కనబడుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో గింజలకు మందు బిళ్లలు అస్సలు వాడొద్దు, ఆ గ్యాస్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వేపాకు వేసి, నెలకోసారి ఎండకు తీస్తే చాలు. రంగు పూసిన కంపెనీ విత్తనాలను ఆ గదిలోకే రానివ్వకండి, అవి విషం. కరువు రోజున ఎవరైనా కడిగి వండుకునే ప్రమాదం ఉంది.

అప్పు జూలైలో మొదలుపెట్టి ఇంటికి 20 కిలోలు మించకుండా, ఒకేసారి కాక రెండు విడతల్లో ఇవ్వండి. తిరిగి ఇచ్చేటప్పుడు పదికి ఒక కిలో అదనం, అది ఎలుకలకూ తరుగుకూ పోతుంది. తాళాలు రెండు, తాళంచెవులు వేర్వేరు ఇళ్ల ఆడవాళ్ల దగ్గర. పుస్తకంలో రాసింది అందరి ముందూ చదవాలి. పంట పోయిన ఇంటికి గడువు పెంచవచ్చు, కానీ ఆ నిర్ణయం గూడ కూర్చున్నప్పుడే జరగాలి. పెద్దమనిషి బంధువుకు చాటుగా ఒక్కసారి మినహాయింపు ఇస్తే మరుసటి ఏడాది ఎవరూ కొలవరు. మొదటి ఏడాది అందరికీ చాలకపోవచ్చు. బాలింతలున్న ఇళ్లు, ఒంటరి ముసలివాళ్లు ముందు అని మొదటి రోజే రాసుకోండి.

ప్రశ్న: రేషన్ బియ్యం కడిగితే కొన్ని గింజలు తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు.

పారేయొద్దని చెప్పండి. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తినవి. 100 కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. ఆకారం, రంగు కొంచెం వేరుగా ఉంటాయి. అనుమానం ఉంటే గుప్పెడు ఏరి విడిగా ఉడికించి చూపించండి, మెత్తగా అన్నమే అవుతుంది. రెండుసార్లకు మించి కడగొద్దు, గంజి వార్చొద్దు. వార్చే అలవాటు పోకపోతే ఆ గంజిని పప్పులోనో అంబలిలోనో పోసుకోండి.