లారీ దాటితే కారు ఊగుతోంది

ప్రశ్న: కారు నేర్చుకుని ఆరు నెలలైంది. హైవే మీద నెల్లూరు వెళ్తుంటే, పెద్ద లారీ పక్కనుంచి దాటగానే కారు ఊగుతుంది. టెన్షన్‌తో స్టీరింగ్ తిప్పేస్తున్నాను, బ్రేకు కూడా తొక్కేస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ ఊపు మీ తప్పు కాదమ్మా. అది లారీ తోసుకొచ్చే గాలి, లారీ దాటిపోగానే తగ్గిపోతుంది. మీరు కంగారుపడి తిప్పితేనే ప్రమాదం. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, చెయ్యి కొంచెం కదిలినా పక్క లేన్‌లో ఉంటారు. గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట చేతులు పెట్టండి. పట్టు ఉండాలి, బిగింపు వద్దు. చూపు బానెట్ మీద కాకుండా రోడ్డు చివరిదాకా పోవాలి. నేర్పేవాళ్ళు ఈ మాట గట్టిగా చెప్పరు, అదే నా బాధ.

ముందు బండి ఏదైనా చెట్టు దాటాక మూడు సెకన్లకు మీరు ఆ చెట్టు దగ్గరికి రావాలి. వానలో ఇంకా ఎక్కువ ఎడం ఇవ్వండి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక కారు ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

ఓ నవంబరు వానలో సింగరాయకొండ దాటాక నీళ్ళు నిలిచిన చోట నేనూ బ్రేకు తొక్కాను. టైర్లు నీటి మీద తేలాయి, స్టీరింగ్ తేలికైపోయి కారు మాట వినలేదు. పక్కన మా అమ్మ ఉంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. టైర్లకు పట్టు దొరికాకే బ్రేకు.

ఆదివారం తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు, పక్కన అనుభవమున్నవాళ్ళను కూర్చోబెట్టుకుని 60లో నడిపి చూడండి.