అక్వేరియంపై బరువైన లైటు ఎలా వేలాడదీయాలి?

ప్రశ్న: నాలుగడుగుల అక్వేరియం మీద 9 కిలోల లైటు పెట్టాలి. పైన పీఓపీ సీలింగ్ ఉంది. దానికే స్క్రూలు బిగించవచ్చా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దండి. పీఓపీ బోర్డు ఆ బరువు మోయలేదు, రోజూ తగిలే తేమకు ఇంకా మెత్తబడుతుంది. సీలింగ్‌కు రంధ్రం చేసి, పైనున్న ఆర్‌సీసీ స్లాబులోనే 8 ఎంఎం యాంకర్ హుక్ బోల్టులు రెండు దించండి. బిట్ సైజు ప్యాకెట్ మీద ఉన్నదే వాడాలి. రంధ్రంలో పొడి మిగిలితే బోల్టు పట్టదు, ఊది శుభ్రం చేయండి. స్లాబులోని ఇనుప చువ్వ తగిలితే బలవంతం చేయకుండా పక్కకు జరగండి. డ్రిల్లింగ్ సమయంలో తొట్టిని ప్లైవుడ్‌తో కప్పాలి.

మహబూబ్‌నగర్ వైపు పాత ఇళ్లలోలా బండలు పరిచిన కప్పయితే బండకు డ్రిల్ పెట్టవద్దు, పగులుతుంది. ఇనుప దూలానికే క్లాంపు వేయండి.

వేలాడదీయడానికి 2 ఎంఎం స్టెయిన్‌లెస్ తీగ చాలు. మామూలు ఇనుప గొలుసు తుప్పు పట్టి, ఆ పొడి నీళ్లలో రాలుతుంది. లైటు తగిలించే ముందు ఒక్కో హుక్కుకు 25 కిలోల బియ్యం బస్తా కట్టి రాత్రంతా ఉంచండి. ఆ రాత్రి తొట్టి కింద ఉండకూడదు.

వైరు సాకెట్ కంటే కిందికి వంగి పైకి రావాలి, అప్పుడే జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోదు. ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకుండా మాత్రం స్విచ్ వేయకండి.