రిటైరయ్యాక రోజులు, పండగలు, పెన్షను: మా ఇంట్లో ఎలా ఉందంటే

వచ్చే ఏడు నాన్నగారు ప్రైవేటు కంపెనీలో రిటైరవుతున్నారు, ఈపీఎస్ పెన్షన్ (ప్రైవేటు ఉద్యోగులకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చేది) తప్ప వేరే ఆధారం లేదు, రోజులెలా గడుస్తాయి, పండగలొస్తే ఎలా అని అమ్మ దిగులు పడుతోంది అని అడిగారు కదా బాబూ. మా ఇంట్లో రెండు రకాల పెన్షన్లూ ఉన్నాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. నేను గవర్నమెంటు టీచరుగా చేసి రిటైరయ్యాను, నాది పాత పెన్షన్, అంటే గవర్నమెంటే జీవితాంతం ఇచ్చేది. మా ఆయన ఒక ప్రైవేటు మిల్లులో పనిచేశారు, ఆయనది ఈపీఎస్. మాది పాలకొల్లు.

రోజులు గడవడం గురించి మీ అమ్మగారిని బెంగపడొద్దనండి, అవే గడిచిపోతాయి. పొద్దున్నే వాకింగు, పేపరు, బజారు, మందులు, సాయంత్రం గుడి. అసలు హడావుడి మాకు నవంబర్ నుంచి మొదలవుతుంది. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు, ఇప్పుడు ట్రైన్ రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి పండక్కి నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తుల కోసం వాళ్ళు నవంబర్ లోనే ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, టికెట్లు దొరికాయని తెలిశాక నేను బియ్యం లెక్కలు మొదలుపెడతాను.

అరిసెలు మాత్రం ఇప్పటికీ ఇంట్లోనే. బియ్యం నానబెట్టి, నీళ్ళోడ్చి, తడి ఆరకముందే మరకి పట్టుకెళ్ళాలి, సంక్రాంతి ముందు మర దగ్గర తడిపిండి కోసం ఆడవాళ్ళు గిన్నెలు వరసలో పెట్టి నిలబడతారు. పాకం దగ్గరే ఉంది పనంతా, నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే వేళ్ళకి మెత్తగా ఉండ కట్టాలి, కట్టీ కట్టగానే దింపి పిండి పోసేయాలి, కాస్త ముదిరిందా అరిసె గట్టిపడిపోతుంది. పిండి పోస్తుంటే తెడ్డు తిప్పేది మా ఆయనే, నా చేతుల్లో ఇప్పుడు అంత బలం లేదు. బెల్లం కూడా ఆయనే తెస్తారు, అదీ ఆయన పెన్షన్ డబ్బుతోనే. నేనిస్తానన్నా పుచ్చుకోరు, ఏటా బ్యాంకుకెళ్ళి తీసుకొచ్చి అనకాపల్లి బెల్లం, నువ్వులు కొనుక్కొస్తారు. ఆ పెన్షన్ ఎంతో తెలుసా, రెండువేల చిల్లర.

ఎందుకంత తక్కువంటే, జీతం ఎంతున్నా మామూలుగా ఈపీఎస్ లెక్కలోకి వచ్చేది ఇప్పటికి నెలకి 15,000 దాకానే, అది కూడా 2014 సెప్టెంబర్ నుంచి, అంతకుముందు 6,500. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. డీఏ, అంటే ధరల్ని బట్టి పెరిగే భత్యం, లేదు. అంటే నూనె రేటు పెరిగినా, మందుల రేటు పెరిగినా మొదటి నెల ఎంతొచ్చిందో ఇప్పుడూ అంతే. నాకు ఆ భత్యమే డీఆర్ పేరుతో కలుస్తుంది, పీఆర్సీ (జీతాలు సవరించే కమిషన్) వస్తే పెరుగుతుంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, పండగ ముందు అల్లుడికి బట్టలు, మనవలకి భోగిపళ్ళలో కలిపే చిల్లర, పనమ్మాయికి చీర, అన్నీ నా ఖాతాలోంచి వెళ్తుంటే ఆయన పైకి ఏమీ అనరు గానీ బాధ ఉంటుంది, నాకు తెలుసు.

డిసెంబర్ 17న మా అసోసియేషన్ వాళ్ళు పెన్షనర్స్ డే చేస్తారు, 1982లో ఆ రోజే నకారా అనే రిటైరైన ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు హక్కు అని తీర్పిచ్చింది. ఆ మీటింగులో కూర్చున్న ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది, మిల్లులో నైట్ షిఫ్టులు చేసినాయనది చాకిరీ కాదా అని. కనీస పెన్షన్ వెయ్యి అని 2014లో పెట్టారు, దాన్ని 7,500 చేసి డీఏ ఇవ్వమని ఈపీఎస్ వాళ్ళు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు, న్యాయమైన కోరికే. మా స్టేట్ గవర్నమెంటులో కూడా 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళది సీపీఎస్, అంటే జీతంలోంచి కట్టిన డబ్బు మీద ఆధారపడేది, ఇంతని గ్యారంటీ లేదు, మా పిన్ని కొడుకు టీచరే, వాడి భయం వాడికుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. ఈపీఎస్ మీద ఇల్లు నడవదు, అది ముందే ఒప్పుకుని మిగతాది చూసుకోండి. 58కే తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది, వేరే ఆదాయం ఉంటేనే ఆగండి. ముఖ్యమైంది పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు. అది చేతికి రాగానే పై అంతస్తు వేద్దాం, ఫలానావాళ్ళ పెళ్ళికి సర్దుదాం అని ఇంటిల్లిపాదీ తలో మాటా అంటారు, మీరు మాత్రం అనకండి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, నేను చూసినప్పుడు వడ్డీ 8.2 శాతం. వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి మొదట్లో పడుతుంది, జనవరిది సరిగ్గా సంక్రాంతి ముందు చేతికొస్తుంది, మా ఆయన పీఎఫ్ డబ్బు అందులోనే ఉంది.

ఆధార్‌లో, పీఎఫ్‌లో, బ్యాంకులో అమ్మగారి పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి, రేపు ఆయన లేకపోతే ఆ పెన్షన్‌లో సగం ఆవిడకి రావాలి, ఇంటిపేరు అక్షరం తేడా వచ్చి నెలలకొద్దీ తిరిగినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాలి, ఈపీఎస్ వాళ్ళు ఎప్పుడైనా ఇవ్వచ్చు, ఇచ్చిన రోజునుంచి ఏడాది పనిచేస్తుంది. మా స్టేట్ పెన్షనర్లకి మాత్రం జనవరి, ఫిబ్రవరిల్లో. వేలిముద్ర పడకపోతే ఫోన్లో ముఖం చూపించి చేసే జీవన్ ప్రమాణ్ యాప్ ఉంది, మాకు పండక్కొచ్చినప్పుడు మనవరాలే చేసిపెడుతుంది. ఈపీఎస్ పెన్షన్‌కి పెట్టుకునే 10డీ ఫారం గురించి ఏమైనా అడగాలంటే అడగండి, మా ఆయన్ని అడిగి చెప్తాను.