మయసభ ఏకపాత్రాభినయంలో ఊపిరి చాలకపోవడం: సమాధానం

మిర్యాలగూడ మిత్రునికి నమస్కారం. ఇంట్లో తడబాటు లేకుండా వచ్చే మయసభ దుర్యోధనుని ఏకపాత్రాభినయం వేదికపై సగంలోనే ఊపిరి చాలక ఆగిపోతోందని, ఆపై మాట గుర్తురావడం లేదని రాశారు. ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు. మీరు సంభాషణను బట్టీ పట్టారే గాని, ఆలోచన ఎక్కడ మలుపు తిరుగుతోందో గుర్తించలేదు. సభను చూసి అబ్బురపడటం, ఆ వైభవం పాండవులదని అసూయపడటం, నేల అనుకుని నీటిలో పడి అవమానంతో రగలడం: ఈ మలుపుల వద్ద పెన్సిలుతో గీత పెట్టుకుని, అక్కడే నిండుగా గాలి పీల్చండి. పడిన వెంటనే గర్జించకండి. తడిసిన ఉత్తరీయాన్ని పిండుతూ, నవ్వు వినిపించిన వైపు నెమ్మదిగా తల తిప్పితే ఊపిరికి వ్యవధి దొరుకుతుంది, కోపమూ ప్రేక్షకునికి అందుతుంది. మన నల్లగొండ పల్లెల్లో తరచు ఒకటే మైకు (అదీ గరగరలాడేది) ఉంటుంది కనుక, కదలికలను దాని చుట్టూనే కుదించుకుని సాధన చేయండి.